వేసవిలో లెక్కపెట్టిన మొక్కలు

ఆగస్టు 14, బుధవారం

పూజ్యులైన బావగారికి,

మీ చిన్న మరదలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా. అక్క మోకాలి నొప్పి తగ్గిందని, అయినా మీ చేత మెట్లెక్కించడం మాత్రం మానలేదని విన్నాను.

మంచి కబురు ముందు చెబుతాను. పన్నెండేళ్ల క్రితం మీరు ట్రాక్టరును అడ్డుకున్న అడవి ముక్కలో నిన్న మళ్లీ మొలకల లెక్క తీశాం. పది అడుగుల చదరంగా తాడు వేసి, లోపలున్న ప్రతి పిల్లమొక్కనీ రాయాలి కదా. మొదటి తాడులోనే మద్ది పదకొండు, ఏగిస నాలుగు. కొన్ని నా తల దాటాయి. నవ్వకండి, నా తల దాటడం గొప్పేమీ కాదని నాకూ తెలుసు.

అప్పుడు నడివేసవిలో ఆఫీసు లెక్కల పనిలో ఇక్కడే అరవై చోట్ల తాడు వేసి, మొలకలు లేవని రాశాను. ఆ కాగితం చూసి అప్పటి ఆఫీసరు అంతా దున్నించి నీలగిరి నాటమన్నాడు. అడవి గార్డు అయ్యుండి మీరు ట్రాక్టరు ముందు కూర్చున్నారు. ఏటా ఎండలకి పైకొమ్మ చస్తుంది, వేరు మాత్రం బతికే ఉంటుంది, అది కొన్నేళ్లు లావెక్కాకే మొక్క లేస్తుంది, ఒక్క వాన పడనివ్వండి అని గొంతు చించుకున్నారు. మూడో రోజుకి డ్రైవరు విసిగి బండి తిప్పుకుపోయాడు. వారంలో వాన పడి నేలంతా చిగురించింది, దున్నడం ఆగింది. ఆఫీసులో మాత్రం అవి కొత్తగా మొలిచినవేనన్నారు. కాగితంలో లేవని ఉంది కదా మరి. అకారణంగా పనికి అడ్డుతగిలాడన్న మాట మీ సర్వీసు పుస్తకంలో ఉండిపోయింది. దానితోనే రిటైరయ్యారు.

ఆ మాట మొన్న కొట్టేశారు. కొత్త ఆఫీసరమ్మ నా ఎదురుగానే ఎర్ర సిరాతో గీత గీసి సంతకం పెట్టింది. నకలు జతచేశాను.

బావగారూ, తాడు వేయడం, ఆకు లేని మొక్కని బెరడు గీరి గుర్తుపట్టడం నాకు నేర్పింది మీరే. ఇంట్లో ఎవరు నా లెక్క సంగతి ఎత్తినా, పిల్ల సరిగ్గానే రాసింది, పాత ఆఫీసరే అంకెలు మార్చాడని వెనకేసుకొచ్చారు. నాకు తోడబుట్టిన అన్న లేడన్న లోటు మీ వల్లే తెలియలేదు. ఒకసారి వచ్చి మీ అడవిని చూసుకోండి.

మీ ఆశీస్సులు కోరే
చిన్న మరదలు

తా.క.: పాత ఆఫీసరు ఏ అంకే మార్చలేదు. కాగితం పంపే ముందురోజు మీరు నన్ను తీసుకెళ్లి, ఓ ఎండుపుల్ల మొదట్లో మట్టి తీసి పచ్చి వేరు చూపించారు. చూశాను, అర్థమైంది కూడా. అరవై చోట్లా మళ్లీ తాడు వేయడానికి బద్ధకించి, లేవనే పంపాను. మీరు ఆఫీసర్ని అనుమానిస్తుంటే నోరు విప్పలేదు. ఇదంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాకే ఆఫీసరమ్మ ఆ గీత గీసింది. వచ్చే సోమవారం నుంచి నన్ను లెక్కల పనిలోంచి తీసేస్తున్నారు. అది న్యాయమే. ఈ నాలుగు ముక్కలూ అక్కకి మీరే చదివి వినిపించండి, నాకు ధైర్యం చాలదు. ఆవిడ ఏమన్నా సరే, ఉన్నదున్నట్టు రాయండి.