కుడిచెవి గిటార్

ఆదివారం రాత్రి, నల్గొండ

పొద్దున నా బిడ్డ స్ఫూర్తి ఒక కొత్త రాక్ ఆల్బమ్ వినిపించింది. "మళ్ల లొల్లి అనకమ్మా, మూడో పాట దాక ఓపిక పట్టు," అన్నది. నిజంగనే బాగుంది. పోటీకి నేను యూనివర్సిటీ హాస్టల్ల క్యాసెట్ అరిగేదాక విన్న పాత ఆల్బమ్ చెప్పిన. "మొదలు ఒక్క గిటారే వస్తది బిడ్డా, పానం లేచొస్తది."

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న. గిటార్ రాలేదు.

"నీ హెడ్‌ఫోన్స్ ఖరాబైనయ్," అన్న. స్ఫూర్తి తీసి తన చెవులకు పెట్టుకున్నది. "మస్తు వస్తాంది గదనే, కుడి పక్క!"

మళ్ల తీసుకొని తిప్పి పెట్టుకున్న. ఎడమ చెవిల వచ్చింది. ఆ పాత ఆల్బమ్‌ల గిటార్ ఒక పక్క, గొంతు ఇంకో పక్క ఉంటయి. కొత్తదాంట్ల అన్నీ రెండు దిక్కుల వస్తయి, అందుకే నాకు తెల్వలేదు. ఎప్పటిసంది ఇట్ల? నేను పాఠం చెప్పే క్లాసుల కుడి దిక్కు కూసున్న పిల్లలు, పిలిచినా పలకనని అలిగింది ఇందుకేనా? బాపుకు గూడ ముందు ఒక చెవే పోయింది. రెండోది ఏడాది ఆగలేదు.

"ఇంకా ఏం వినాల్నో చెప్పు," అన్నది స్ఫూర్తి. యాదికొచ్చిన పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండ చెప్పిన. "ఏందే గా తొందర? అన్నీ ఇయ్యాలనే వినాల్నా?" అని నవ్వింది. తొందర నాకని చెప్పలేకపోయిన. దవాఖానకు పోతే ఏం చెప్తరో. పోకుంటే మాత్రం ఆగుతదా...

ఇప్పుడే ఎడమ చెవిని వేలితో గట్టిగ మూసుకొని చూసిన. ఎదురుగ సోఫాల స్ఫూర్తి ఫోన్ల ఎవరితోనో నవ్వుతాంది. నవ్వు కనపడుతాంది, అంతే.