హాంబర్గ్ ఏటికి పోటొచ్చిన రోజు

హాంబర్గ్ నుంచి,
ఆదివారం

అక్కయ్యకి చెల్లెలు మంగ దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మనవరాలు హారికా బాగానే ఉన్నాము. నీ ఆయాసం ఎలా ఉంది? తలగడ ఎత్తుగా పెట్టుకుంటున్నావా? బావగారి మోకాలు ఎలా ఉంది? కాట్రేనికోనలో వానలని విన్నాను, ఆయన్ని రొయ్యల చెరువు గట్టు మీదికి వెళ్ళనివ్వకు, జారతారు. ఓడలరేవులో మా శ్రీను, కోడలు వేళకి తింటున్నారా? ఒకసారి వెళ్ళి కళ్ళతో చూసిరా. ఫోనులో అందరూ బాగున్నామనే చెబుతారు, అందుకే నాకు భయం. నేనూ అలాగే చెబుతున్నాను కదా. ఫోను పట్టుకుంటే పిల్ల పక్కనే ఉంటుంది, అందుకని కాగితం మీద రాస్తున్నాను.

ఈ ఊరు నాకు అర్థం కావడం లేదు అక్కయ్యా. ఇళ్ళన్నీ ఒకే ఎర్ర ఇటుక. మనుషులు ఎదురుపడితే చూడరు, కుక్కలు మటుకు చూస్తాయి. ఆదివారం కొట్లన్నీ మూసేస్తే ఎవరైనా పెద్దవాళ్ళు పోయారేమో అనుకున్నాను. ఏటిలో పడవ ఎక్కితే టికెట్టు అడిగేవాడే లేడు. మన రేవులో అన్నేళ్ళు జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించే పంటు నడిపిన మా ఆయన ఉండి చూస్తే, ఈ పడవవాళ్ళు ఏం తింటారని దిగులు పడేవారు. మొన్న ఎండురొయ్యలు వేయిస్తే గది పైకప్పుకి పెట్టిన పొగ గంట మోగింది, మెట్ల మీదికి జనం వచ్చేశారు. ఇక వేయించలేదు. ఇంకేమీ పంపకండి.

నన్ను ఎందుకు పంపారో నీకు తెలుసు. పిల్ల ఫోనులో మాట్లాడటం లేదు, చిక్కిపోయింది, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని వెంటబెట్టుకునే రా అని నువ్వూ శ్రీనూ మరీ మరీ చెప్పారు. వచ్చి చూస్తే నిజమే. కాలేజీకి వెళ్ళడం, వచ్చి గదిలో కూర్చోవడం. కాలేజీలో ఇంగ్లీషేనట, బయట అంతా జర్మన్. ఎప్పుడో కొట్లో తప్పు మాట్లాడితే వెనకవాళ్ళు నవ్వారట. అప్పటినుంచి బయట నోరు విప్పదు. ఏడాదిగా ఈ ఊళ్ళో ఉండి ఊరు చూడలేదు. నాకు చూపించవే అని రోజూ పోరి లాక్కెళ్ళాను. చర్చీలు, వంతెనలు, కొండంత ఓడలు చూశాము. రొట్టె కొనాలన్నా అది వేలితోనే చూపించేది. ఇద్దరం మూగవాళ్ళలా తిరిగాము.

పోయిన బుధవారం అది కాలేజీకి వెళ్ళాక, గదిలో ఊపిరాడక ఏటి గట్టు మీదికి దిగాను. ఇల్లు గట్టు పక్కనే. ఈ ఇళ్ళు నాకు గుర్తుండవు, నీళ్ళయితే తెలిసినవే కదా. నీళ్ళకి ఎదురు నడిచి వెళ్ళాను, వచ్చేటప్పుడు నీళ్ళు పోయేవైపు నడిస్తే ఇల్లు వస్తుందని గుర్తు పెట్టుకున్నాను. దూరం వెళ్ళి, బల్ల మీద కూర్చుని ఓడలు చూస్తూ కునికాను. లేచేసరికి మంచు దిగి రెండు వైపులా ఒకేలా ఉంది. నీళ్ళు పోయేవైపే నడిచాను. ఎంత నడిచినా ఇల్లు రాదు. చీకటి పడుతోంది. ఫోను చార్జింగులో వదిలేశాను. ఎవరినైనా అడుగుదామంటే వీధి పేరుకి నోరు తిరగదు. పిల్లని తీసుకుపోవడానికి వచ్చి నేనే తప్పిపోయాను.

ఏట్లోకి దిగే రాతిమెట్లు కనిపిస్తే కూలబడ్డాను. చూస్తుండగా నీళ్ళు ఒక మెట్టు మింగాయి. కాసేపటికి ఇంకో మెట్టు. పోటు, అక్కయ్యా. సముద్రానికి రైల్లో వెళ్ళాలని పిల్ల చెబితే, ఇంత లోపలికి పోటు వస్తుందని నేనేం అనుకుంటాను? నీళ్ళు సముద్రంలోకి తీసే పాటులో బయలుదేరి, పైకి ఎక్కే పోటులో తిరుగుముఖం పట్టాను. ఏరు వెనక్కి మళ్ళింది, నేను దాని వెంటపడి ఇంటికి దూరంగా నడిచాను. లేచి నీళ్ళకి ఎదురు నడిచాను.

కొంత దూరం వచ్చేసరికి పిల్ల పరుగెత్తుకుంటూ వస్తోంది. వెనకే మా వీధి రొట్టెల కొట్టావిడ, చేతిలో టార్చిలైటు.

"ఎక్కడికి పోయేవు మామ్మా? ఏట్లో పడిపోయేవేమో అనుకున్నాను."

"ఏటికి పోటొచ్చిందే," అన్నాను.

"పోటొస్తే?"

"ఓడలరేవు పిల్లవి, పోటొస్తే ఏవవుద్దో నేను చెప్పాలా? మీ తాతయ్య ఉండి వింటే నిన్ను పంటు ఎక్కనిచ్చేవారు కాదు."

అది నవ్వుతూనే ఏడ్చింది. కొట్టావిడ ఏదో అడిగింది. పిల్ల ఆ భాషలోనే గడగడా జవాబు చెప్పింది. నేను నోరు తెరుచుకుని చూశాను.

"ఏవందే?"

"మీ మామ్మకి చలేస్తోంది, కొట్లోకి రండి, టీ ఇస్తానంది."

"నువ్వేం చెప్పేవు?"

"మా మామ్మకి నీళ్ళు తెలుసు గాని మీ ఊరే తెలీదని చెప్పేను."

"తప్పుల్లేకుండానే?"

"అన్నీ తప్పులే అయ్యుంటాయి. ఆవిడ నవ్వలేదు మరి."

నన్ను వెతుకుతూ దారిలో కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగిందట, తప్పో ఒప్పో చూసుకునే తీరిక లేక. ఇప్పుడు రోజూ ఆ కొట్టుకి తనే వెళుతోంది. నిన్న ఆవిడ కూతురితో ఊళ్ళోకి వెళ్ళింది. వచ్చేదాకా నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. వచ్చి మారు అన్నం పెట్టించుకుంది.

రాత్రి అడిగాను, నాతో వచ్చేస్తావా అని. "పరీక్షలయ్యేక వస్తాను మామ్మా. నాన్నకి నువ్వే చెప్పు," అంది.

నాకేమీ తోచడం లేదు. నీ దగ్గర ఒప్పుకుని వచ్చిన మాట తప్పుతున్నాను. ఇక్కడ వదిలేస్తే చలికి ఏమవుతుందో, తీసుకొస్తే మళ్ళీ నోరు మూసుకుంటుందో. రోజూ రెండు రకాలుగానూ అనుకుంటున్నాను. అయినా దీపావళి ముందు నేను ఒక్కదాన్నే వస్తాను. శ్రీను పెద్దమ్మ మాటయితే వింటాడు, కోపం రాకుండా నువ్వు నెమ్మదిగా చెప్పు. బావగారికి నా నమస్కారాలు. ఈ పిల్లని అక్కడినుంచే దీవించండి, నన్నూ దీవించండి, విమానంలో నాకు గుండె దడ.

అది నా ఎదురుగానే టికెట్టు తీసుకుంది, రావడానికీ, తిరిగి వెళ్ళడానికీ. మాఘమాసంలో అంతర్వేది రథం లాగిన మర్నాడు వస్తుంది.

నీ చెల్లెలు,
మంగ