అద్దం లేని కెమెరా

చిరంజీవి చిట్టికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నేను రిటైరై అయిదు నెలలైంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను. ఒక్క యాక్సిడెంటు లేదు, ఒక్క కంప్లయింటు లేదు. (ఒకటుంది, హారను ఎక్కువ కొడతానని. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.) ఇప్పుడు ఇంట్లో ఎక్కడ కూర్చున్నా సరిగ్గా అదే మీ పెద్దమ్మ ఊడవాల్సిన చోటు అవుతోంది.

అందుకని కెమెరా కొనాలని నిర్ణయించాను. ఫోను ఉంది కదా అంటావేమో. ఫోనుతో తీస్తే పిట్ట ఆవగింజంత పడుతోంది. రోజూ ఏడూ నలభైకి చెరువు గట్టు మీదుగా బస్సు పోనిచ్చేవాణ్ణి. వెనక కొండలు, నీళ్ళ మీద ఎండ, గట్టు పక్కన గుంజ మీద లకుముకి పిట్ట. అన్నేళ్ళూ చూశాను గాని ఒక్కరోజూ ఆగలేదు. వెనక అరవై మంది ఆఫీసులకీ బళ్ళకీ పోయేవాళ్ళుంటే ఎలా ఆగుతాం? ఇప్పుడు ఆగుతాను.

నేను తియ్యాల్సినవి మూడు. మన ఇంటిల్లిపాది, పిట్ట, కొండలు. ధర మాత్రం రిటైరైన మనిషి తట్టుకునేట్టుండాలి. నువ్వు కెమెరాల కొట్లో చేరావు కాబట్టి మన ఇంట్లో ఈ సంగతి తెలిసినదానివి నువ్వొక్కదానివే. వివరంగా ఉత్తరం రాయి. ఫోను చెయ్యకు. ఫోనులో విన్నది పెట్టేసేలోపే మర్చిపోతున్నాను.

మీ పెదనాన్న

తా.క.: మేడ మీద మీ నాన్న క్షేమం. నీ ఊసెత్తితే పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడు. మొన్న దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

*

పూజ్యులైన పెదనాన్నకి,

నమస్కారాలు. మీ ఉత్తరం కొట్టు అడ్రసుకే వచ్చింది. మా యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీవాళ్ళు ఇంకా ఉత్తరాలు రాస్తారా!" అని నాకిచ్చారు.

మీకు అద్దం లేని కెమెరా బాగుంటుంది. తేలిక, మెడ నొప్పి పుట్టదు. ముందు బాడీ తీసుకోండి, దాంతో ఒక కిట్ లెన్సు వస్తుంది. పిట్టల లెన్సు సంగతి తర్వాత చూద్దాం. సెకండ్ హ్యాండైతే దాదాపు సగం ధరకే వస్తుంది. మా దగ్గర మంచివి ఉన్నాయి.

నాన్న నాతో మాట్లాడి ఎనిమిది నెలలైంది. తన ఆఫీసులో చూసిపెట్టిన ఉద్యోగం కాదని ఇక్కడికి వచ్చేశానని కోపం. "పెట్టెలు అందించే పనికి అంత చదువెందుకు?" అన్నారు. ఏం చెయ్యను పెదనాన్నా, నాకు ఈ పనే ఇష్టం. ఒక మనిషి ఏం చూడాలనుకుంటున్నాడో కనుక్కుని, దానికి తగిన కెమెరా చేతిలో పెట్టడం పెట్టెలు అందించడం కాదు. అది నాన్నకి ఎలా చెప్పాలో తెలీదు.

మీ చిట్టి

తా.క.: పేపరు తలకిందులుగా పట్టుకుని ఎంతసేపు చదివారు?

*

చిరంజీవి చిట్టికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

అద్దం లేని కెమెరానా? నాకా? పక్క అద్దానికి చిన్న పగులు కనిపిస్తే, కొత్తది బిగించేదాకా బండి తియ్యనని సీట్లోంచి దిగిన మనిషిని. మెకానిక్కు బతిమాలాడు, డిపో మేనేజరు కళ్ళెర్రజేశాడు, నేను కదల్లేదు. అలాంటివాడికి సొంత తమ్ముడి కూతురు అద్దం లేనిది అంటగడుతుందా? వెనకాల ఎవరొస్తున్నారో నాకు ఎలా తెలుస్తుంది?

ఆ తర్వాత బాడీ. ముందు బాడీ తీసుకోవాలట, పిట్టల సంగతి తర్వాతట! బస్సు బాడీ ఇప్పుడు తీసుకెళ్ళు, ఇంజను వచ్చే ఏడాది చూద్దాం అంటే ఎక్కి కూర్చున్నవాళ్ళకి నేనేం చెప్పుకోను?

ఇక సెకండ్ హ్యాండు. ఎవరో చూసి చూసి వదిలేసిన కంట్లోంచి నేను చూడాలా? వాళ్ళ బావమరుదుల ఫొటోలు లోపల ఇరుక్కుని ఉండి, నా పిట్ట పక్కన వచ్చి నిలబడితే?

వివరం కావాలి చిట్టీ. ఒక్కొక్కటీ విడమరిచి రాయి. మెల్లగా, పెద్ద అక్షరాలతో.

మీ పెదనాన్న

తా.క.: కిట్ లెన్సు అన్నావు. ఇంట్లో ఇప్పటికే రెండు ఫస్ట్ ఎయిడ్ కిట్లున్నాయి, మూడోది వద్దని మీ పెద్దమ్మ రాయమంది. నీ ప్రశ్నకి జవాబు: ఇరవై నిమిషాలు. మధ్యలో పేజీ కూడా తిప్పాడు.

*

పూజ్యులైన పెదనాన్నకి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేక ఒక కస్టమరుకి ఖాళీ పెట్టె ఇచ్చి పంపేశాను. వీధి చివరిదాకా పరిగెత్తి పట్టుకున్నాను.

ముందు అద్దం సంగతి. పాత కెమెరాల పొట్టలో చిన్న అద్దం ఉండేది. లెన్సులోంచి వచ్చే వెలుగుని పైకి తిప్పి మన కంటికి చూపించేది. మీట నొక్కగానే టక్కున లేచి దారి ఇచ్చేది, రైలు గేటు లేచినట్టు. ఇప్పటివాటిలో ఆ గేటు తీసేశారు. దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాబట్టి ఇది లోపం కాదు. వెనకాల వచ్చేవాళ్ళని చూసే అద్దం ఏ కెమెరాకీ ఎప్పుడూ లేదు.

సెకండ్ హ్యాండు అంటే భయపడకండి. చాలా కెమెరాల్లో ఎన్నిసార్లు మీట నొక్కారో లోపల లెక్క పడుతుంది, మీ బండికి కిలోమీటర్ల మీటరున్నట్టే. నేను ఆ లెక్క చూస్తాను, లెన్సుని దీపానికి ఎదురు పట్టి లోపల బూజుందేమో చూస్తాను, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూస్తాను. ఎవరి బావమరిదీ లోపల ఉండడు.

రెండు రోజులు ఆలోచించాను. ఇంటిల్లిపాదికీ కొండలకీ వెడల్పుగా చూసే లెన్సు కావాలి. పిట్టకి దూరాన్ని దగ్గరికి లాగే పొడుగు లెన్సు కావాలి. ఆ పొడుగుదొక్కటే మీరు తట్టుకునే ధర దాటిపోతుంది. అందుకని నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మీకు బ్రిడ్జి కెమెరా మేలు. దాని లెన్సు ఊడదు, మార్చే పని లేదు. ఎదురుగా నిలబడ్డ పెద్దమ్మ నుంచి చెరువు అవతలి పిట్ట దాకా అదొక్కటే చూసుకుంటుంది. లోటు కూడా చెప్పాలి. వెలుతురు తగ్గితే బొమ్మ గరుగ్గా వస్తుంది. మీరు తీసేది పొద్దుటి ఎండలో కాబట్టి ఇబ్బంది లేదు.

మీ చిట్టి

తా.క.: ఇంకా ఖరీదైనది అమ్మొచ్చు కదా అన్నారు మా యజమాని. అవసరం లేనిది మా పెదనాన్నకే కాదు, ఎవరికీ అమ్మనన్నాను. దానికాయన, "రేపటి నుంచి కొత్తగా వచ్చేవాళ్ళని నువ్వే చూసుకో" అన్నారు. అది మెప్పో శిక్షో ఇంకా తేలలేదు.

*

చిరంజీవి చిట్టికి,

పెదనాన్న ఆశీస్సులు. రైలు గేటు బ్రహ్మాండం. అద్దం విషయంలో నిన్ను క్షమించాను. మీటరు చూసి కొనడం కూడా నాకు నచ్చింది. నువ్వు డిపోలో ఉండాల్సిన పిల్లవి.

కానీ బ్రిడ్జి? ఈ చుట్టుపక్కల బ్రిడ్జి ఎక్కడుంది తల్లీ? ఉన్నదల్లా ఒక కల్వర్టు. దాని కింద బాతులు తప్ప లకుముకి రాదు. ఇంటిల్లిపాదినీ దాని మీద నిలబెడితే లారీకి దారుండదు. గట్టు మీద పనిచేసే కెమెరా ఏదైనా ఉంటే చెప్పు.

ఇంకో మాట. నువ్వు మూడింటినీ మూడు ఫొటోలు అనుకుంటున్నట్టున్నావు. నాకు మూడూ ఒకే ఫొటోలో కావాలి. ముందు పిట్ట, వెనక మనవాళ్ళు, ఆ వెనక కొండలు. ఇంటిల్లిపాది అంటే నేనూ ఉండాలి. మరి మీట నొక్కేదెవరు? పిట్టకి చెప్పలేం కదా.

మీ పెదనాన్న

తా.క.: మీ పెద్దమ్మకి ఒక సందేహం. పిట్ట రాకపోతే, దాని బదులు మీ పిన్నిని గుంజ మీద కూర్చోబెట్టొచ్చా?

*

పూజ్యులైన పెదనాన్నకి,

నమస్కారాలు. బ్రిడ్జి దాని పేరు పెదనాన్నా! చిన్న కెమెరాలకీ పెద్ద కెమెరాలకీ మధ్య రకం కాబట్టి ఆ పేరు. గట్టు మీదా పనిచేస్తుంది, మేడ మీదా పనిచేస్తుంది.

పార్సిల్లో పంపుతున్నాను. సెకండ్ హ్యాండే, కానీ లోపలంతా నేనే తనిఖీ చేశాను. చిన్న స్టాండు కూడా పెట్టాను.

మూడూ ఒకే ఫొటోలో అన్నప్పుడు ముందు కుదరదనే అనుకున్నాను. తర్వాత కాగితం మీద గీసి చూశాను. కుదురుతుంది. పిట్ట వాలే గుంజకి నాలుగడుగుల దూరంలో స్టాండు పెట్టండి. జూమ్ వద్దు, వెడల్పుగానే ఉంచండి. మీరందరూ గుంజ వెనక ముప్ఫై అడుగుల దూరంలో నిలబడండి. ఫొటోల్లో పెద్దవాళ్ళు ముందుండాలన్న సంగతి మర్చిపోండి, ఇందులో పిట్టే పెద్ద. అయిదు సెకన్లకోసారి కెమెరా తనంతట తానే నొక్కుకునేట్టు పెట్టాను. ఆకుపచ్చ గుర్తున్న మీట ఒక్కసారి నొక్కి వెళ్ళి నిలబడండి. సూర్యుడు కెమెరా వెనక ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. మనుషుల అలికిడి లేకపోతేనే పిట్ట వస్తుంది. గంట పట్టొచ్చు. మన ఇంట్లో అది సాధ్యమేనా?

మీ చిట్టి

తా.క.: పిన్నిని గుంజ ఎక్కించొద్దు. కొట్టు వారంటీలో అది రాదు.

*

చిరంజీవి చిట్టికి,

పెదనాన్న ఆశీస్సులు. కవర్లో ఫొటో ఉంది. ముందు అది చూసి, తర్వాత ఇది చదువు.

చూశావా? ముందు నీలి రెక్కల లకుముకి, నోట్లో చేప. వెనక మన తొమ్మిదిమందిమి. ఆ వెనక కొండలు, వాటి గీతలతో సహా. నాలుగొందల ఎనభై ఫొటోలు పడ్డాయి, పిట్ట ఉన్నది ఒక్కదాంట్లో. నలభై నిమిషాలు రాళ్ళలా నిలబడ్డాం. మీ పెద్దమ్మ నలభై నిమిషాలు మాట్లాడకుండా ఉండడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

ఇప్పుడొక నిజం చెప్పాలి. తిట్టకు.

నా మొదటి ఉత్తరం నా సొంతం. అద్దం గురించి అడిగింది కూడా నిజమైన తెలివితక్కువే. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతుంటే, పైన కిటికీ తలుపు కొంచెం తెరుచుకుంది. చదవడం ఆపితే మూసుకుంది. మళ్ళీ మొదలుపెడితే తెరుచుకుంది. అప్పటి నుంచి నీ ఉత్తరాలన్నీ అరుగు మీదే చదివాను, పాతవి కూడా రెండేసి సార్లు.

రైలు గేటు దగ్గర మీ నాన్న మెట్లు దిగి వచ్చాడు. "ఆ ముక్క మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. "ఇదంతా దానికి ఎవరు నేర్పారు?" అన్నాడు. "ఎవరూ నేర్పలేదు, నిలబడి నేర్చుకుంది" అన్నాను. అవసరం లేనిది ఎవరికీ అమ్మనని నువ్వు రాసిన తాజా కలం తనే చేతిలోకి తీసుకుని చదువుకున్నాడు. తర్వాత కళ్ళజోడు చాలాసేపు తుడుచుకున్నాడు.

అందుకని బ్రిడ్జి సంగతి పూర్తిగా నటన. నువ్వు ఇంకో మంచి ఉత్తరం రాయాలని అలా అడిగాను. మూడూ ఒకే ఫొటోలో అన్న చిక్కు నాది కాదు, మీ నాన్న పెట్టిందే. "ఇది అడుగు, చెప్పగలదేమో చూద్దాం" అన్నాడు. చెప్పావు. ఆ రోజు పక్కింటివాళ్ళు వింటున్నారని తెలిసి నేను ఇంకాస్త గట్టిగా చదివాను.

గట్టు మీద పావుగంటకే మీ పిన్ని కాళ్ళు నొప్పులంది, పిల్లలు గోల మొదలుపెట్టారు. మీ నాన్న పెదవులు కదపకుండా, పళ్ళ మధ్య నుంచి అన్నాడు: "ఎవరూ కదలొద్దు. మా అమ్మాయి కదలొద్దని రాసింది." ఆ తర్వాత ఒక్కరు కదిలితే ఒట్టు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు జనం నన్ను నమ్మి బస్సెక్కారు. అప్పుడు పడ్డ గర్వం కన్నా ఆ నలభై నిమిషాలు పడ్డ గర్వం ఎక్కువ. ఫొటోలో నేను అంత నిటారుగా ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు తెలిసిందా?

మీ పెదనాన్న

తా.క.: కింద చేతిరాత మారింది, చూసుకో.

అమ్మాయికి,
అన్నయ్య లెన్సుని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. అలా చెయ్యకూడదని నాకు అనిపిస్తోంది, కానీ సరిగ్గా తెలీదు. దేనితో తుడవాలో వివరంగా రాయి. ఉత్తరం నా పేరు మీద రాయి.
నాన్న