లైటు మీద బొట్టు

రజితా,

రేపు నీ సంవత్సరీకం. ధర్మసాగర్ నుంచి మీ అమ్మను తీసుకొస్తుంటే దారిలో కారు ఆగిపోయింది. ఎలాగో తోయించి షెడ్డుకు చేర్చాను.

మెకానిక్ డ్యాష్‌బోర్డు మీది స్టిక్కర్ బొట్టును గోటితో గీకాడు. కింద ఇంజన్‌లో లోపముందని హెచ్చరించే లైటు వెలుగుతూనే ఉంది.

గుర్తుందా? "జర ఎవలకన్న చూపియ్యరాదా" అని నువ్వు రోజూ పోరితే, ఖర్చుకు జంకి, అద్దానికి నువ్వంటించిన బొట్టే తీసి ఆ లైటు మీద పెట్టాను. "ఇగ కనపడది, ఫికర్ చెయ్యకు" అన్నాను.

"అప్పుడే తెస్తే చిన్న పని సార్. ఇప్పుడు ఇంజన్ మొత్తం విప్పాలె, మస్తు ఖర్చయితది. ఎవలు పెట్టిన్రు ఈ బొట్టు?" అన్నాడు మెకానిక్.

"మా ఇంటామె" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో!

"ఇంకోసారి గిట్ల చెయ్యొద్దని అక్కకు చెప్పున్రి" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

వెనక సీట్లో ఉన్న మీ అమ్మ ఆ బొట్టు అడిగి తీసుకుని కొంగున ముడేసుకుంది. "నా బిడ్డ తెల్వక చేసింది కొడుకా, మనసుల పెట్టుకోకు" అంది నాతో.

ఇప్పుడు వంటింట్లో రేపు నీకు పెట్టే గారెలకు పప్పు నానబోస్తోంది. ఆ బొట్టు పెట్టింది నేనని ఇంకా చెప్పలేదు.