హెడ్‌మిస్ట్రెస్ గారి ఎరుపు

నా నోట్లో మట్టి కొట్టావు బాబాయ్! ఏటేటా అద్దె దండగని ఫోటో ప్రింట్ల రంగులు చూసే సాఫ్ట్‌వేర్ నాకు చెప్పకుండా మానేశావు. ప్రింటర్‌తో వచ్చిన మామూలు డ్రైవర్ ప్రోగ్రాంతో కొడితే, రిటైరవుతున్న హెడ్‌మిస్ట్రెస్ గారి ముఖం ఆకుపచ్చగా వచ్చింది! ఫోనులో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఈ ఉత్తరం. ఆవిడ వీడ్కోలు సభకి స్కూలు ఇచ్చిన ఆర్డరు ఎదురు షాపుకి పోతే నువ్వీ బ్రాంచి మూసేస్తావు, నేను రోడ్డున పడతాను. సాఫ్ట్‌వేర్ తిరిగి పెట్టించు.

నీ అన్న కొడుకు,
ప్రస్తుతానికి నీ పనివాడు

తా.క. ఆవిడ అడిగారు: "ఇది నేనా బాబూ, గోడమీద నాచా?"

*

చిరంజీవి సీమటపాకాయకు,

ప్రింటర్‌తో పాటే డ్రైవర్ ఊరికే వస్తుందిరా. కాళ్లు బాగుండగా చేతికర్ర కొనుక్కుంటామా? ముఖం ఆకుపచ్చైతే ఎరుపు కలపాలి, అంతే. ఆదివారం నువ్వు లేనప్పుడు వచ్చి డ్రైవర్‌లో ఎరుపు పెంచేశాను. ఇక హాయిగా కొట్టుకో.

నీ బాబాయి

తా.క. నా కన్నుండగా సాఫ్ట్‌వేర్ దేనికి? మొన్ననే శుక్లం తీయించాను, ఒకటి కొత్తదే.

*

చెప్పాపెట్టకుండా నా మెషీన్‌లో వేలు పెడతావా! నీ సంగతి తెలియక నేను సోమవారం ట్రయల్ సాఫ్ట్‌వేర్ వేశాను. అది తన లెక్కన ఎరుపు కలిపింది, దాని మీద నీ ఎరుపు. ఒక ఒరలో రెండు కత్తులు! హెడ్‌మిస్ట్రెస్ గారు నిప్పుకణికలా బయటికొచ్చారు. రంగులు సాఫ్ట్‌వేర్ చూస్తుంటే డ్రైవర్ ఊరుకోవాలి. డ్రైవర్ చూస్తుంటే నువ్వు ఊరుకోవాలి.

నీ అన్న కొడుకు

తా.క. కవరు తెరిచి చూసి, ఆవిడ దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. అదే నా భయం.

*

చిరంజీవికి,

సరేలేరా, మళ్లీ వచ్చి ఎరుపంతా తుడిచేశాను. ఎంత పెంచానో గుర్తులేదుగానీ, మొత్తం పోయింది. అరవకు, బీపీ వస్తుంది.

నీ బాబాయి

తా.క. చిన్న మాట. కార్డులు అచ్చేయగా మిగిలిన అట్ట కాగితాలు వృథా ఎందుకని ఆ మధ్య నీ ఫోటో పేపరు డబ్బాలో సర్దాను. తెల్లగానే ఉన్నాయి కదా. ఆకుపచ్చకీ దానికీ సంబంధం ఉండదనుకుంటా.

*

అట్ట కాగితమా బాబాయ్! డబ్బా మీది పేరు నమ్మిన నన్ననాలి. అసలు ఫోటో పేపరు పెట్టి, ఒట్టి డ్రైవర్‌తోనే కొట్టాను. ముఖం ముఖంలాగే వచ్చింది. ఒక్క ఫోటోకి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నువ్వే గెలిచావు, సంతోషించు.

కానీ ఆవిడ మూడూ పక్కపక్కన పెట్టి చూసి, ఎర్రదాన్ని ఎంచుకున్నారు! "పిల్లలు రోజూ చూసే కోపమిదే, నన్ను గుర్తుపట్టేది ఇందులోనే" అన్నారు. శనివారం సభకి సరిగ్గా అదే ఎరుపుతో క్లాసుకొకటి కావాలట. ఆ ఎరుపు నీ వేలికి గుర్తులేదు, డ్రైవర్‌లో తుడిచేశావు. కుదిరిన రంగుని దాచుకుని మళ్లీ మళ్లీ అదే కొట్టడానికే సాఫ్ట్‌వేర్ కావాలి బాబాయ్. నా ట్రయల్ గడువు శుక్రవారంతో సరి.

సాఫ్ట్‌వేర్ కొను. ఆ ఎరుపు పడింది అట్ట మీదే కాబట్టి, మిగిలిన అట్ట కాగితాలన్నీ పట్టుకుని, ఆ కొత్త కన్నుతో సహా నువ్వే వచ్చి ఎరుపు కలుపు. గురువారం సాయంత్రంలోగా జవాబు రాకపోతే, తాళాలు నీ గుమ్మంలో పడేసి ఎదురు షాపులో చేరతాను.