మా అన్న భుజం మీది చేయి

తహశీల్దారు గారి సమక్షమునకు,
తేది: 18-11-2008

అయ్యా,

విషయం: సంతాప సభ నిమిత్తం తమ కార్యాలయం తీసుకొనిన ఫోటోను తిరిగి ఇప్పించుట గురించి.

1. మా అన్న ఇమ్మానుయేల్, వయస్సు 24, కాంగో దేశంలో ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో సిపాయిగా పనిచేస్తూ గత జూన్ నెలలో కాల్పుల్లో మరణించాడు. నీలం టోపీతో అతడు తీయించుకొన్న ఫోటో, మరణవార్త వచ్చిన తొమ్మిది రోజులకు తపాలాలో మాకు చేరింది. వెనుక పెన్సిలుతో ఇలా రాసి ఉంది: "అమ్మా, ఈడ దినామూ వాన పడతాంది. రవ్వంత మన చేనికి పంపేకైతే బాగుండు." చదవడం రాని మా అమ్మ సుంకమ్మ ఈ రెండు ముక్కలు రోజూ నా చేత చదివించుకునేది.

2. సదరు ఫోటోను ఆగస్టు నెలలో తమ సిబ్బంది సాయంత్రానికి తెచ్చిస్తామని తీసుకుపోయారు. సంతాప సభకు ఫ్లెక్సీ తయారైంది. అందులో మన నియోజకవర్గ నాయకుడు గారు మా అన్న భుజం మీద చేయి వేసి నవ్వుతున్నారు. అన్న బతికున్న ఇరవై నాలుగేళ్లలో వారు మా వీధిలో అడుగు పెట్టలేదు. ఫోటో తిరిగి రాలేదు.

3. మూడుసార్లు కార్యాలయానికి వచ్చాను. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాను. మూడోసారి గుమాస్తా గారు ఇచ్చిన సమాధానం: "ఏమ్మా, అంత పెద్ద ఫ్లెక్సీ వేపిస్తిమి, ఇంకా ఆ చిన్న ఫోటో యాడ ఎతికేది? మీవోడు ఇప్పుడు దేశానికంతా సొంతం గదా." ఫోటో తీసుకొన్నట్లు రసీదు కూడా లేదు. దేశం సొత్తును తమ కార్యాలయం ఈ విధంగా భద్రపరుస్తున్నది.

4. సభ ముగిసిన మరునాడు ఆ ఫ్లెక్సీ బస్టాండులో రామాంజులు టీ బంకుకు పైకప్పు అయినది. బొమ్మ లోపలివైపుకు ఉంది. అమ్మ రోజూ ఉదయం వెళ్లి, బెంచీ మీద కూర్చుని తల ఎత్తి చూస్తుంది. మొన్న ఒకాయన ఆమె ఎదుటే అన్నాడు: "ఏమప్పా రామాంజులూ, మిలిటరీవోన్ని, లీడర్నీ ఇద్దర్నీ కాపలా పెట్టుకున్నావే. నీ బన్నులు యాడికీ పోవులే." అందరూ నవ్వారు. అమ్మ ఎవరో తెలిసే నవ్వారు.

5. జనవరి 26న అమ్మకు శాలువా కప్పుతామని కబురు వచ్చింది. ఆమె రాదు. శాలువా వద్దు. ఫోటో కావాలి. బీరువాలో గానీ, చెత్తబుట్టలో గానీ వెతికించగలరు.

ఇంతకు మించి మేము కోరేది లేదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జాయ్

మరొక మాట: ఇది రాసి ముగించేలోగా రామాంజులు మా ఇంటికి వచ్చాడు. ఫ్లెక్సీలో అన్న ఉన్నంత మేర కోసి తెచ్చాడు. "మొన్న బంకు కాడ ఆ మాట ఇనలేకపోతిని అక్కా. ఆ లీడరు చెయ్యి గూడా వచ్చేసింది, ఏమనుకోవాకు," అన్నాడు. అమ్మ కత్తెర తీసుకొని ఆ చేతిని వేళ్లతో సహా కత్తిరించింది. అన్న భుజం కొంత పోయింది. ఇప్పుడు మీకు మీవోడి ముఖం దొరికింది గదా అని గుమాస్తా గారు అనవచ్చు. అమ్మ దాన్ని తిరగేసి నాకు చూపించి, చదవమంది. వెనుక ఏమీ లేదు.