ఎద్దుల పలకలు లాగిన మునెయ్య పంపకాలు

చంద్రగిరి మండలం పులిత్తివారిపల్లె కాపురస్తుడు, కీ.శే. శాంతయ్య కుమారుడు మునెయ్య అనే నేను, యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. ఈ రోజు నాకు తెలివి బాగుంది. నరాల డాక్టరు దయానంద్ గారు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చారు. రేపటి సంగతి ఆయనా చెప్పలేనన్నారు.

పశువుల పండగలో పరిగెత్తే ఎద్దులకు ఎదురెళ్లి, కొమ్ములకు కట్టిన చెక్క పలకలను పాతికేళ్లు లాగాను. చెయ్యి విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నాను. తలకు దెబ్బ తగిలితే మాత్రం మొహాన నీళ్లు చల్లుకుని మళ్లీ దిగాను. ఆ దెబ్బలన్నీ చేరి ఇప్పుడు మెదడును తినేస్తున్నాయని డాక్టరు గారు చెప్పారు. మరుపు, ఊరికే కోపం. పోయిన నెల నా భార్య గురవమ్మను దొంగ అన్నానట. ఇల్లూ పొలమూ మా అన్న మునిరత్నానికి రాసేస్తానని వీధిలో అరిచానట. నాకు గుర్తు లేదు. ఊరికంతా గుర్తుంది.

1. అటక మీది పలకలు నా కూతురు ప్రసన్నకుమారికి. పొయ్యిలో పెట్టుకున్నా సరే, ఎర్రరంగుది మాత్రం ఉంచుకో. అది లాగిన రోజే నువ్వు పుట్టావు. దాన్ని చంకన పెట్టుకుని కుంటుతూ ఆస్పత్రికి వస్తే మీ అమ్మ, "బిడ్డను సూడు మామా, పలకను కాదు" అనింది.

2. ఎర్ర కోడె మా అన్నకు. "ఆ యెర్ర పలకను ముందు పట్టుకునింది నేనేరా" అని ఇప్పటికీ అంటాడు. అబద్ధం. అయినా కోడె ఆయన మాటే వింటుంది. మన ఇంట్లో ఎవరికైనా తలకు దెబ్బ తగిలితే ఆ యేడు మళ్లీ దిగనివ్వకూడదు. ఈ షరతు అన్న చూసుకోవాలి.

3. నా దినం నాడు రాగి సంగటి, నాటుకోడి పులుసు పెట్టాలి. మేళం గట్టిగా వాయించాలి.

4. ఇల్లు, పొలం ఈ వీలునామాలో లేవు. బతికున్నంత కాలం వీలునామాను మార్చే హక్కు నాకుంటుందని వకీలు రఘునాథ్ గారు చెప్పారు. నా భయం ఆ హక్కుతోనే. అందుకే ఈ పొద్దున రెండింటినీ గురవమ్మ పేర దానపత్రం రాసి రిజిస్టరు చేయించాను. ఇక కోపంలో నేనేం రాసినా అవి ఆమెవే. ఆఫీసు మెట్లు దిగుతూ ఆమె, "ఇంగ అరిచినావంటే నువ్వే బయట పండుకోవాల మామా. ఇల్లు నాది" అనింది. ఇద్దరం బస్సు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం. నేను మరిచిపోయిన రోజు ఈ నాలుగో అంశం నాకు చదివి వినిపించాలి.

అమలు చేయవలసినవారు: వకీలు రఘునాథ్ గారు.

చంద్రగిరి, 14 జూన్ 2004
(సంతకం) మునెయ్య

సాక్షులు:
డాక్టరు దయానంద్
కుప్పుస్వామి, టీ అంగడి, చంద్రగిరి